తమరు కాలవలో కాపురముండాలి

పుష్కరాలొస్తున్నాయంటే చాలు, మా గోదారి జిల్లాల్లో గుర్రపుడెక్కతో పోటీపడి ప్రతిపాదనలు పెరుగుతాయి. 2027 పుష్కరాలు ఇంకా ఆమడ దూరంలో ఉండగానే, 2025 జూన్ 26న రాజమండ్రిలో అఖండ గోదావరి పేరుతో 94 కోట్ల పైచిలుకు పర్యాటక పనులకు శంకుస్థాపన జరిగిపోయింది. అందులో హేవలాక్ వంతెనకు ముస్తాబుంది, మా కడియం నర్సరీలకూ వాటా ఉంది. 1900లో మొదలుపెట్టి 1997 దాకా రైళ్లు మోసి పదవీ విరమణ చేసిన వంతెనకు ఈ వయసులో రంగు పూస్తామంటే కాదనడానికి నేనెవర్ని? పూయండి. నా గోల దాని గురించి కాదు. ఆ సందడి పుణ్యమా అని టీ కొట్టు దగ్గర్నుంచి కల్యాణ మండపం దాకా నలుగురు చేరిన చోటల్లా ఓ మాట వినబడుతోంది. “కడియం కాలవలో హౌస్‌బోట్లు దింపితే ఎలా ఉంటుందంటారండీ?”

ఎలా ఉంటుందో చెప్పడానికే ఇలా కూర్చున్నాను.

ఈ జబ్బు మా ఇంట్లోకి బావమరిది ద్వారా వచ్చింది. వాడు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. వెనిస్‌లో కన్నా తమ ఊళ్లోనే కాలవలెక్కువని చెప్పుకునే ఊరది. నిడివి కొలిచి చెబుతారు లెండి, అందం కొలిచి కాదు. అక్కడ ఇంటద్దెలు కట్టలేనివాళ్లూ, కట్టగలిగీ మొహం మొత్తినవాళ్లూ కాలవ మీద ఓ పడవ కొనుక్కుని కాపురం పెట్టేస్తారు. ఆ పడవని నారోబోట్ అంటారు. పొడవు డెబ్భై అడుగుల దాకా ఉన్నా వెడల్పు మాత్రం ఏడడుగులకి కాస్త తక్కువే. అక్కడి పాత లాకులు అంతే వెడల్పు మరి. మన పెళ్లిలో వేసేవీ ఏడడుగులే గానీ, అవి వేసేశాక ఎవరి దారిన వాళ్లు మొహం ముడుచుకు తిరగడానికి మనకి హాలూ వరండా ఉంటాయి. నారోబోటులో మొగుడూ పెళ్లాం ఎదురుపడితే ఒకళ్లు వంటగది దాకా వెనక్కి నడవాల్సిందే. మావాడు స్నేహితుడి పడవలో కొన్నాళ్లుండి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలో లేడు.

“బావా, రిటైరయ్యాక మన కడియం వచ్చేస్తా. ఇల్లూ వద్దు, ఫ్లాటూ వద్దు. కాలవలో ఓ పడవ దింపుకుంటా. పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటే అటు బంతి తోట, ఇటు గులాబీలు.”

“ఎదురుగా?”

“ఎదురుగా ఏముంటాయి బావా, నీళ్లు!”

వీడు ఊరొదిలి చాలాకాలమైంది, పాపం.

సరే, పడవ కాపురమంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేయాలో చెప్పమన్నాను. వాడు చెబుతుంటే, దీనికన్నా రైసుమిల్లు నడపడం నయమనిపించింది. నీళ్ల ట్యాంకు అడుగంటకముందే పడవని కుళాయి ఉన్న రేవుకి నడుపుకెళ్లి నింపుకోవాలి. కరెంటంటే పైకప్పు మీది సోలారు పలకలు ఇచ్చినంతే, మబ్బేస్తే ఇంజను తిప్పి బ్యాటరీలు ఎక్కించుకోవాలి. చలికాలమంతా బొగ్గుల పొయ్యి, దాని బూడిద, దాని మసి. రెండు మూడేళ్లకోసారి పడవని నీళ్లలోంచి పైకి లాగి, అడుగున తుప్పు గీకి, నల్లటి పూత పూయించాలి. నాలుగేళ్లకోసారి పడవ క్షేమంగా ఉందని పరీక్ష చేయించి కాగితం తెచ్చుకోవాలి. ఇవన్నీ ఒకెత్తు, మరుగుదొడ్డి ఒకెత్తు. దాని కింద ఓ డబ్బా ఉంటుంది. అది నిండాక చక్రాల మీద లాక్కుంటూ గట్టు మీద దానికోసం కట్టిన చోటికెళ్లి వంపి, కడిగి, మళ్లీ తెచ్చి బిగించుకోవాలి. ఎంత చలైనా, ఎంత బద్ధకమైనా కాలవలో మాత్రం వంపకూడదు.

“ఎందుకు వంపకూడదురా?”

“అదేంటి బావా, కాలవ కదా!”

ఈ ముక్క మా ఊళ్లో ఎవరికి చెప్పినా అర్థం కాదు. కాలవ గనకే కదా వంపేది!

వాడి పడవని ఓసారి మా కాలవలోకి దింపి చూద్దాం. ధవళేశ్వరం దగ్గర బయలుదేరిన తూర్పు డెల్టా నీళ్లు మా మండలంలోకి వచ్చేసరికే సగం లోకం చూసేసి ఉంటాయి. గట్టు మీది ఇళ్లని రోడ్డు మీంచి చూడండి. ఎంత ముచ్చటగా ఉంటాయో! గ్రానైటు మెట్లు, స్టీలు రెయిలింగు, గుమ్మం పక్కన కుండీలో అరీకా పామ్, మామిడి తోరణం. వాస్తు ప్రకారం తలుపులు, దిష్టికి గుమ్మడికాయ. ఇప్పుడు అదే ఇంటిని పడవలోంచి చూడండి. సిమెంటు పూత కూడా పడని ఇటుక గోడ, ఆ గోడకి నాలుగంగుళాల పీవీసీ గొట్టం, గొట్టం మూతి కింద ఏళ్ల తరబడి జారిన పచ్చటి నల్లటి చార. ఒక్కో ఇంటికి ఒక్కో గొట్టమైతే ఇంటిపన్ను కట్టినంత క్రమశిక్షణ ఉందనుకోవచ్చు. పైఅంతస్తుకి విడిగా ఇంకోటి. చెత్తబండి వచ్చే వేళకి గుమ్మం దాకా నడవలేనివాళ్లకి వెనక గుమ్మం ఎలాగూ ఉంది. గిన్నె తిరగేస్తే చాలు.

మొత్తమ్మీద ఊరంతా కాలవకి వీపు పెట్టి కూర్చుంది. పడవలో ఉన్నవాడికి ఆ వీపులు తప్ప ఇంకేం కనబడవు. మావాడు గుమ్మంలో కాఫీ గ్లాసుతో కూర్చుని గులాబీలు చూద్దామనుకున్నాడు గానీ, చూసేది మాత్రం మా వార్డు ప్రజలు రహస్యంగా ఉంచుకున్న సమస్త విషయాలూను.

వాడి డబ్బా ఎక్కడ వంపాలన్నది ఇంకా తేలలేదు కదా. గట్టు మీద అలాంటి చోటు లేదు. కట్టమని అడిగితే నవ్వుతారు. “గట్టు మీద ఇన్ని ఇళ్లుండగా లేనిది తమరి ఒక్క పడవకేనాండీ పట్టింపు?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం కింది ఊళ్లవాళ్లకి. వేసవికి కాలవలు కట్టేసేలోగా ఆ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఈ నీళ్లతోనే మరి. పైనున్న ఊరికి కాలవ వెనకదొడ్డి, కిందనున్న ఊరికి అదే కాలవ మంచినీళ్ల కుండ. ప్రతి ఊరూ ఎవరో ఒకరికి పైనుంటుంది, ఎవరో ఒకరికి కిందుంటుంది కాబట్టి లెక్క సరిపోతోందని అందరూ ఊరుకున్నారు. మధ్యలో లాభపడింది ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్ను. మా వీధుల్లో టిన్నుల ఆటో పాలవాడికన్నా ముందొస్తుంది. మావాడూ పడవలో కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, గట్టు మీద వెళ్లే ఆటోని కేకేసి ఓ టిన్ను దింపించుకోవాలి.

పడవ బయలుదేరదీద్దామా? బయలుదేరదు. గుర్రపుడెక్క.

దీని సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే కడియం గొప్పదనమంతా మొక్కల్లోనే ఉంది. దేశం నలుమూలలకీ ఇక్కణ్నుంచి లారీల్లో మొక్కలెళతాయి. ఏనుగులా కత్తిరించిన మొక్క, నెమలిలా అల్లిన మొక్క, పొట్టిగా పెంచిన మర్రి, అన్నీ ఉన్నాయి. ప్లాస్టిక్కు తొట్టెలో కలువ దుంప వేసి అమ్మితే, ఇంట్లో నీటితోట పెట్టుకుంటామని కార్లలో వచ్చి కొనుక్కెళ్లేవాళ్లున్నారు. ఇంత విద్య ఉన్న ఊళ్లో కూడా గుర్రపుడెక్కని మించిన నర్సరీ మొక్క పుట్టలేదు. అదీ అలంకారం మొక్కే. దక్షిణ అమెరికా నుంచి పువ్వు బాగుందని తెచ్చుకుని ప్రపంచమంతా తలకెత్తుకుంది. ఒక్క మొక్క పైకి తీసి చూడండి. కాడ మధ్యలో గాలి నింపిన బుంగ, నొక్కితే టప్పున పేలుతుంది. కింద జానెడు నల్లటి వేళ్లు, ఈకల్లా మెత్తగా, వాటిలో గుప్పెడు నత్తగుల్లలు. పైన ఊదారంగు పూలగుత్తి, ఒక్కో పువ్వు పైరేకు మీద నెమలికన్ను లాంటి పసుపు చుక్క. ఎరువక్కర్లేదు, కుండీ అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు. రెండు వారాలకల్లా రెట్టింపవుతుంది. ఎరువు అక్కర్లేదన్నానా? మా పీవీసీ గొట్టాలు ఇరవై నాలుగ్గంటలూ వేస్తూనే ఉన్నాయి.

ఏటా ఈ తూడు తీయడానికి టెండర్లు పిలుస్తారు. తూడు తీస్తారు. తీసింది గట్టు మీద వేస్తారు. ఓ గట్టి వాన పడితే అది మళ్లీ కాలవలోకి దిగుతుంది. మరుసటేడు మళ్లీ టెండరు. ఇందులో ఎవరికీ నష్టం లేదు, మొక్కకి అసలే లేదు. జాగ్రత్తగా చూస్తే మా డెల్టాలో సార్వా, దాళ్వా తర్వాత నమ్మకంగా చేతికొచ్చే మూడో పంట ఇదే. పైగా దీనికి గిట్టుబాటు ధర అడగక్కర్లేదు, అంచనాల్లోనే వేసుకోవచ్చు.

నారోబోటులో ఇంజను పక్కన అడుగున ఓ మూత ఉంటుందట. పడవని తోసే పంకాకి ఏదైనా చుట్టుకుంటే ఆ మూత తీసి, చెయ్యి నీళ్లలోకి జొనిపి, చుట్టుకున్నది విప్పి తీయాలి. మావాడు ఇంగ్లండులో ఓసారి అలా చెయ్యి పెడితే పాత తాడుముక్క దొరికిందట, ఆ సాహసం ఇప్పటికీ చెబుతాడు. ఇక్కడ పెట్టు నాయనా. ముందు గుర్రపుడెక్క వస్తుంది. దాని వెనక నర్సరీ నల్లకవర్లు. తర్వాత దేవుడి ఫొటోల దండల దారం, పాత చీర, కోళ్ల వ్యర్థాల సంచి, దాని ముడి విప్పొద్దు. వినాయక చవితి వెళ్లిన నెలలో అయితే స్వామివారి అస్థిపంజరం, అంటే ఇనప ఊచలు, చేతికి గుచ్చుకుంటాయి. దేవుణ్ని భక్తిగా సాగనంపేదీ, చచ్చిన కోణ్ని గుట్టుగా సాగనంపేదీ ఒకే రేవులో కావడం మా సమదృష్టికి నిదర్శనం.

పంకా బాగుచేసుకుని ఇంకాస్త ముందుకెళితే వంతెన తగులుతుంది. తగులుతుందంటే నిజంగా తగులుతుంది, నుదుటికి. పడవలు నడిచిన కాలంలో వంతెన కట్టాలంటే కింద పడవ పట్టాలన్నది మొదటి షరతు. ఇప్పుడు కట్టే పలకల వంతెనలకి ఆ షరతెందుకు? పైన ట్రాక్టరు వెళితే చాలు. వంతెన దాటాక అడ్డంగా మంచినీళ్ల పైపులైను. అది దాటాక లాకులు. లాకు తలుపులు పడవల కోసం తెరిచి ఎన్నేళ్లయిందో ఆ తలుపులకే గుర్తుండాలి.

ఇన్నీ ఓర్చుకున్నాడే అనుకోండి. అప్పుడు నీళ్లు పోతాయి.

ఇది బర్మింగ్‌హామ్ వాడికి ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. కాలవన్నాక నీళ్లుండవా అంటాడు. ఒరే, మాది పొలాలకి నీళ్లు పారించే కాలవరా! సార్వా, దాళ్వా అయ్యాక ఏప్రిల్‌లో కట్టేస్తారు, జూన్‌లో వదుల్తారు. ఆ మధ్య కాలంలో తమరి పడవ ఓ పక్కకి ఒరిగి బురదలో ఉంటుంది. మంచం కాళ్ల కింద ఒకవైపు ఇటుకలు పెట్టుకుని పడుకోవాలి. దాళ్వాలో మాత్రం సుఖమా? నదిలో నీరు తగ్గితే సీలేరు నుంచి వదిలే నీళ్ల మీద ఆధారపడాలి. అవీ చాలకపోతే వంతులు పెడతారు. ఫలానా రోజులు ఈ కాలవకి, ఫలానా రోజులు ఆ కాలవకి. అంటే తమరి పడవ వంతొచ్చినప్పుడు తేలుతుంది, వంతు వెళ్లాక కూర్చుంటుంది. పేపర్లో వంతుల పట్టిక చూసుకుని సాంబారు గిన్నె పొయ్యి మీద పెట్టాలి.

కట్టేసిన కాలవని చూడ్డానికి మంచి రోజు మే 15. ఆ రోజు సర్ ఆర్థర్ కాటన్ పుట్టినరోజు. 1803లో పుట్టాడాయన. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేసి ఈ డెల్టాకి అన్నం పెట్టాడు. అందుకే ఊరూరా ఆయన విగ్రహం ఉంటుంది. మే 15న నాయకులందరూ వరసగా వచ్చి దండలు వేస్తారు. దండలకి బంతిపూలు మా కడియపులంక మార్కెట్టువే. ఆ ఎండలో విగ్రహం చూపు తిన్నగా కాలవ మీదే ఉంటుంది. కాలవ ఆ పూట గుడ్డలిప్పుకుని అడుగు చూపిస్తుంది. ఏడాది పొడుగునా నీళ్లు కప్పిపెట్టినవన్నీ, సీసాలు, టైర్లు, విగ్రహాల ఊచలు, బయటపడి ఉంటాయి. దండ వేసినాయన ఫొటో కోసం కాలవకి వీపు పెట్టి నిలబడతాడు. ఈ విషయంలో ఇళ్లకీ నాయకులకీ తేడా లేదు.

కాటన్‌ని దేవుణ్ని చేసుకున్నాం గానీ ఆయన మాట మాత్రం సగమే విన్నాం. ఆయనకి కాలవంటే పొలానికి నీరే కాదు, దారి కూడా. ఈ దేశానికి రైళ్లకన్నా నీటి దారులే చవకనీ, మేలనీ 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించాడు. రైలు కంపెనీల కాలంలో అలా మాట్లాడితే ఎవరు వింటారు? ఆయన మాత్రం తన డెల్టా కాలవల్ని పడవలు నడిచేలాగే కట్టించి, లాకులు పెట్టించి పోయాడు. వాటి మీద బియ్యం, బెల్లం, పొగాకు, పెళ్లివారు, కోర్టు పక్షులు అందరూ నడిచారు. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగడం. సరంగులు పడవలోనే వండుకుని, తడికల కప్పు కిందే పడుకునేవాళ్లు. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ జరిగేది అలాంటి పడవ మీదే. కాబట్టి పడవ కాపురం బర్మింగ్‌హామ్ మాకు నేర్పాల్సిన విద్యేం కాదు. ఏటా కాలవలు కట్టేయగానే వాళ్లు పడవని గట్టెక్కించి, పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలమూ నూనే పట్టించేవాళ్లు. కాలవకి మరమ్మతు, పడవకి మరమ్మతు ఒకే ఋతువులో జరిగిపోయేవి. రైలొచ్చింది, లారీలొచ్చాయి, పడవలు పోయాయి. కాలవలు కట్టేయడం మాత్రం ఏటా నియమంగా జరుగుతోంది.

అలాగని ప్రభుత్వాలు మర్చిపోయాయని నిందించకండి. పాపం, జ్ఞాపకం ఉంది. 2008లో ఈ కాలవల్ని జాతీయ జలమార్గం-4 అని ప్రకటించారు. కాకినాడ కాలవ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలవ 139, కొమ్మమూరు కాలవ 113, ఆ కింద బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని పుదుచ్చేరి దాకా. కృష్ణా గోదావరులతో కలిపి మొత్తం 1078 కిలోమీటర్లు. 2017 అక్టోబరు 3న విజయవాడలో మొదటి దశకి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు శంకుస్థాపన చేశారు. అది కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా. మా కాకినాడ కాలవ రెండో దశ. రెండో దశ అంటే ఏమిటో మాకు కొత్త కాదు. వేమగిరిలో గ్యాసు కోసం ఎదురుచూస్తూ ఏళ్లకేళ్లు పడుకున్న కరెంటు ప్లాంట్ల పక్కనే పుట్టి పెరిగాం. దాంతో మావాళ్లు గర్వంగా ఓ మాట చెప్పుకోవచ్చు. మా మురుగు మామూలు మురుగు కాదు, జాతీయ జలమార్గంలో ప్రయాణిస్తుంది.

ఇంగ్లండులో కాలవలు మాత్రం పుట్టుకతోనే శుభ్రంగా ఉన్నాయనుకుంటున్నారేమో. అక్కడా రైళ్లు రాగానే కాలవల నోట్లో మట్టి కొట్టారు. చాలా కాలవలు పూడిపోయి, విరిగిన సైకిళ్లతో నిండిపోయాయి. 1939లో టామ్ రోల్ట్ అనే ఇంజనీరు క్రెస్సీ అనే పాత పడవ బాగుచేసుకుని, పెళ్లాంతో అందులో కాపురం పెట్టాడు. ఆ కాలవల మీద తిరిగి చూసిందంతా పుస్తకం రాశాడు. 1944లో అది అచ్చయింది, 1946లో కాలవల రక్షణకి ఓ సంఘం లేచింది. ఆ తర్వాత జనం సెలవు రోజుల్లో పారలు పట్టుకొచ్చి బురద తోడారు. నాకు ఈ కథలో నచ్చింది పారలు కాదు, అవి మనకీ ఉన్నాయి. ఫొటో దిగేవరకు పట్టుకుంటాం కూడా. నాకు నచ్చింది ఆ రోల్ట్ పడవలో కాపురముండడం. రోజూ ఆ నీళ్లతో మొహం కడుక్కోవాల్సినవాడికి వచ్చిన కోపం గట్టు మీద కారులో పోయేవాడికి రాదు.

మన కాలవకి పోయిందీ అదే. పడవలు పోవడంతో బియ్యం బస్తాల రవాణా ఒక్కటే పోలేదు, కాలవని రోజూ చూసే కళ్లు పోయాయి. సరంగు ఊరుకునేవాడా? తన పడవకి అడ్డంగా గుంజ పాతితే బూతులు తిట్టేవాడు. లాకు దగ్గర సూపరింటెండెంటు ఉండేవాడు, గట్టు మీద లస్కరు తిరిగేవాడు. ఇప్పుడు లస్కర్లు తగ్గి, ఒక్కొక్కరి వాటా గట్టు పొడుగు పెరిగింది. చూసేవాడు లేని నీళ్లలో ఏం చేసినా అడిగేవాడు లేడు. హౌస్‌బోటు టూరిస్టు ఆ లోటు తీరుస్తాడనుకుంటే పొరపాటు. వాడు శనివారం వచ్చి ఆదివారం పోతాడు. వాడొచ్చే రోజుకి రెండు ఫర్లాంగుల మేర తూడు తీయించి, నీళ్లు నిలగట్టి, ఒడ్డున పచ్చగుడ్డ తెర కట్టేస్తారు. తెరల విషయంలో మనకి అనుభవం తక్కువా?

కాబట్టి నా మనవి ఏమిటంటే, హౌస్‌బోట్లు దింపండి. తప్పకుండా దింపండి. టూరిస్టులకి కాదు. అందులో కాపురముండవలసినవారు వేరే ఉన్నారు.

కాలవ పనుల అంచనాలు రాసే ఇంజనీరుగారు ఒక పడవ. తూడు కాంట్రాక్టరుగారు ఒకటి. పంచాయతీ పెద్దలకి ఒకటి, అది కాస్త పెద్దది కావాలి, పాలకపక్షమూ ప్రతిపక్షమూ అందులోనే ఉండాలి. ఏడడుగుల వెడల్పులో ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి తగ్గక తప్పదు, ప్రజాస్వామ్యానికి మంచిది. జలమార్గాల శంకుస్థాపనలు చేసేవారికి రాయి పక్కనే ఒకటి. పీవీసీ గొట్టాల గృహస్థులు ఇంటికొకరు చొప్పున వంతులవారీగా రావాలి, వంతులు వారికి అలవాటే. వెనక గుమ్మంలోంచి గిన్నె తిరగేసే ఇల్లాళ్ల బదులు వాళ్ల భర్తల్ని పంపాలి. చెత్తబండి దాకా నడవనిది ఆ మహానుభావులే. నర్సరీ యజమానులు వాళ్ల నల్లకవర్లతో సహా రావాలి. కాలవ మీద వ్యాసాలు రాసేవాళ్లకీ మినహాయింపు లేదు. నా చాప నేనే తెచ్చుకుంటాను.

కాపురం ఒక్క ఏడాది. సార్వా, దాళ్వా, మధ్యలో కట్టేసిన రోజులు అన్నీ కలిపి. ఎండాకాలం సెలవు పెట్టి ఊటీ పోతామంటే కుదరదు, బురదలో ఒరిగిన మంచం మీదే పడుకోవాలి. ఇంగ్లండులో 1995 చట్టం ప్రకారం సొంత రేవు లేని పడవ పద్నాలుగు రోజులకి మించి ఒకేచోట ఉండకూడదు, సాగుతూ ఉండాలి. అది మనమూ పెట్టుకుందాం. ధవళేశ్వరంలో బయలుదేరినవారు ఒక్కో ఊరి గొట్టాల కింద పద్నాలుగు రోజుల చొప్పున మజిలీ చేసుకుంటూ కాకినాడ చేరాలి. తూడు తీశామని బిల్లు పెట్టినాయన తన పడవెక్కి, బిల్లులో రాసిన చోటు నుంచి బిల్లులో రాసిన చోటుకి పంకా ఆగకుండా పోవాలి. పంకా ఆగిన చోట బిల్లూ ఆగుతుంది. మూత తీసి చెయ్యి పెట్టేదీ ఆయనే, కూలీని పెట్టుకోరాదు. వంతెన నమూనా మీద సంతకం చేసినవారు ఆ వంతెన కింద పడవ పైకప్పు మీద కూర్చుని వెళ్లాలి. తల సంగతి వారే చూసుకోవాలి.

మే 15న మాత్రం అందరికీ ఒక పూట అనుమతి. గట్టెక్కి కాటన్‌గారికి దండ వేసి రావచ్చు. ఫొటో దిగేటప్పుడు వీపు విగ్రహం వైపు, మొహం కాలవ వైపు ఉండాలి.

పడవలో మరుగుదొడ్డి డబ్బా ఇస్తారు. దాన్ని వంపే చోటు గట్టు మీద కట్టించే బాధ్యత ఆ పడవల్లోనివారిదే. ఎన్నాళ్లలో కట్టించాలని గడువేం పెట్టడంలేదు. డబ్బా ఎన్ని రోజులకి నిండుతుందో అదే గడువు.

మా బావమరిదికి ఈ సంగతులన్నీ ఫోన్లో చదివి వినిపించాను. వాడు కాసేపు ఆలోచించి, “అంతా బాగానే ఉంది గానీ బావా, ఆళ్లు తాగడానికి నీళ్లో?” అన్నాడు. మంచి ప్రశ్న. ఆ ముక్క కూడా చేర్చాను. పడవల్లో ఉన్నంతకాలం మంచినీళ్ల టిన్నులు కొనుక్కోవడానికి అలవెన్సు ఇవ్వబడదు. కాలవలో నీళ్లున్నాయి కదండీ.